ఆడియో క్లిప్పులను ఒకే ఫైలుగా కలపడం: ఎక్స్‌పోర్ట్ అమరికలను ఎంచుకునే పద్ధతి

6.1 పరిచయం

క్లిప్పులను కత్తిరించడం, వరుసలో అమర్చడం, అనవసరమైన శబ్దాన్ని తగ్గించడం ముందు పాఠంలో తెలుసుకున్నారు. ఆ పనంతా అయ్యాక 'ఎక్స్‌పోర్ట్' నొక్కితే తెరమీద ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ఫార్మాట్, చానెళ్ళు, శాంపుల్ రేటు, బిట్ రేటు అని అందులో నాలుగైదు గడులు ఉంటాయి. ఆ గడుల్లో అంతకుముందు ఏమి ఉంటే దానికే ఒప్పుకొని ముందుకు వెళ్ళిపోయే అభ్యాసకులే ఎక్కువ. గంటల తరబడి శ్రద్ధగా చేసిన కూర్పు ఆ ఒక్క నిమిషంలో పాడైపోవచ్చు.

కూర్పులో చేసిన పొరపాటును వెనక్కి తీసుకోవచ్చు. ఎక్స్‌పోర్ట్‌లో పోయిన ధ్వనిని మాత్రం ఆ ఫైలు నుంచి మళ్ళీ రాబట్టలేము. అసలు రికార్డింగులు ఉన్నంతవరకు ఇది పెద్ద నష్టం కాదు, ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే సరిపోతుంది. ఫోనులో చోటు చాలడం లేదని అసలువాటిని తుడిచేశాక తెలిస్తేనే చిక్కు. అందువల్ల ప్రతి అమరిక దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. చేతిలో ఉన్న క్లిప్పులలో నిజంగా ఎంత ధ్వని ఉంది? తయారయ్యే ఫైలును ఎవరు, దేనిమీద వింటారు?

6.2 ఒక ఉదాహరణ

ఒక విద్యార్థిని తన ఊరి వరినాట్ల పాటలపై 20 నిమిషాల శ్రవ్య ప్రాజెక్టు తయారుచేస్తోందని అనుకుందాం. ఆమె దగ్గర నాలుగు రకాల క్లిప్పులు ఉన్నాయి. పొలంలో ఒకామె పాట ఎత్తుకోగా మిగతావారు అందుకుంటుంటే ఫోనుతో చేసిన రికార్డింగు మొదటిది. ఇది ఎం4ఎ ఫైలు. లోపల ఏఏసీ పద్ధతిలో కుదించిన ధ్వని ఉంది. శాంపుల్ రేటు 48,000 హెర్ట్జ్. అమ్మమ్మతో ఇంటి అరుగుమీద జరిపిన సంభాషణ రెండవది. స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకున్న చిన్న రికార్డరుతో దాన్ని తీసింది. అది వేవ్ ఫైలు, 44,100 హెర్ట్జ్, 16 బిట్లు, స్టీరియో. పట్నంలో ఉన్న మేనమామ వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్ మూడవది. ఇది ఓపస్ పద్ధతిలో బాగా కుదించినది. నాలుగవది కంప్యూటరు ముందు కూర్చొని చదివిన తన వ్యాఖ్యానం. 44,100 హెర్ట్జ్, మోనో.

అమ్మమ్మ వయసు ఎనభై దాటింది. మళ్ళీ అదే ఓపికతో కూర్చొని చెబుతుందన్న భరోసా లేదు. ఇటువంటి ప్రాజెక్టులలో మార్కులకంటే విలువైనది ఆ గొంతే.

కలపడానికి ముందు ప్రతి క్లిప్పు వివరాలూ ఒక కాగితంమీద రాసుకోండి. వీఎల్‌సీ ప్లేయరులో ఫైలును తెరిచి 'టూల్స్' కింద ఉన్న 'కోడెక్ ఇన్ఫర్మేషన్' చూస్తే కోడెక్, చానెళ్ళు, శాంపుల్ రేటు కనిపిస్తాయి. ఫైలు పేరు చివర ఉన్న అక్షరాలను మాత్రమే నమ్మకండి. అవి పైన అంటించిన చీటీ వంటివి, లోపలి సరుకు వేరుగా ఉండవచ్చు.

6.3 శాంపుల్ రేటు

ధ్వని తరంగాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి అంకెగా రాస్తామో అదే శాంపుల్ రేటు. ఒక పౌనఃపున్యాన్ని సరిగా నమోదు చేయాలంటే దానికి రెట్టింపు కంటే ఎక్కువ సార్లు కొలవాలి. మనిషి చెవి స్థూలంగా 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు కనుక 40,000కు కొంచెం పైన ఉన్న రేటు చాలు. సీడీలకు నిర్ణయించిన 44,100 ఆ విధంగా సరిపోయింది. ఆ అంకె ఇంత వింతగా ఉండడానికి మాత్రం కారణం చెవి కాదు, వీడియో టేపు. తొలినాళ్ళలో డిజిటల్ ధ్వనిని వీడియో రికార్డర్లలో దాచేవారు. సెకనుకు 60 ఫీల్డులు, ఫీల్డుకు పనికొచ్చే గీతలు 245, గీతకు 3 శాంపుళ్ళు. ఈ మూడింటినీ గుణించి చూడండి, 44,100 వస్తుంది. వీడియో రంగంలో తరువాత స్థిరపడిన రేటు 48,000.

సాధారణ టెలిఫోను లైను సెకనుకు 8,000 సార్లు మాత్రమే కొలుస్తుంది. దానిలో సుమారు 3,400 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వని అందదు. 'స'కారపు సన్నని ఊపిరి ధ్వనిలో బలమైన భాగం అంతకంటే పైనే ఉంటుంది. 'సీటు' అన్నారా 'ఫీటు' అన్నారా అని ఫోనులో రెండుసార్లు అడగవలసి రావడానికి కారణం ఇదే.

మన ఉదాహరణలో రెండు రేట్లు కలిసి ఉన్నాయి. ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేరు ఒక్కొక్క ట్రాకుకు దాని రేటును గుర్తుంచుకొని, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అన్నింటినీ మీరు ఎంచుకున్న ఒకే రేటుకు మారుస్తుంది. ఈ మార్పిడిలో వచ్చే తేడాను చెవి పట్టుకోవడం కష్టం. కనుక 44,100నా 48,000నా అన్నదానిపై ఎక్కువ మథనపడవలసిన పని లేదు. ప్రాజెక్టుకు ప్రాణమైన క్లిప్పులు ఏ రేటులో ఉన్నాయో అది తీసుకోండి. పాటలు 48,000లో ఉన్నాయి కనుక ఇక్కడ 48,000 తగినది. వీడియోకు జతచేయవలసి వచ్చినా అదే పనికొస్తుంది. సీడీ చేయాలంటే 44,100.

అసలు ప్రమాదం వేరేచోట ఉంది. కొన్ని చిన్న ఫైళ్ళు అతికించే పనిముట్లు రేటును మార్చకుండా, మొదటి క్లిప్పు రేటునే మొత్తానికి తగిలిస్తాయి. 48,000లో తీసిన పాటను 44,100 అనుకొని వినిపిస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం దిగిపోతుంది, 20 నిమిషాల పాట 21 నిమిషాల 46 సెకన్లు సాగుతుంది. పాడినవారి గొంతు వింతగా బరువెక్కినట్లు వినిపిస్తే మొదట అనుమానించవలసింది దీన్నే.

రేటు పెంచితే నాణ్యత పెరుగుతుందన్నది మరొక అపోహ. మేనమామ వాయిస్ మెసేజ్‌ను 96,000లో ఎక్స్‌పోర్ట్ చేసినా అందులో లేని ధ్వని రాదు. సన్నని ధారను పెద్ద బిందెలో పట్టినంత మాత్రాన నీళ్ళు పెరగవు, బిందె మోయడం మాత్రం బరువు.

6.4 బిట్ డెప్త్, చానెళ్ళు

ప్రతి కొలతనూ ఎంత సూక్ష్మంగా రాస్తామో అది బిట్ డెప్త్. 16 బిట్లలో 65,536 మెట్లు ఉంటాయి. అతి మెల్లని, అతి పెద్ద ధ్వనుల మధ్య సుమారు 96 డెసిబెల్‌ల వ్యత్యాసాన్ని ఇవి పట్టుకోగలవు. పొలంలో గాలి, నీళ్ళ చప్పుడు, దూరాన ట్రాక్టరు మోత ఉన్న రికార్డింగుకు ఇది అవసరానికి మించినదే. 24 బిట్లు సుమారు 144 డెసిబెల్‌ల వరకు పోతాయి. రికార్డు చేసేటప్పుడు స్థాయి సరిగా పెట్టే వీలులేని చోట ఆ అదనపు జాగా ఉపయోగపడుతుంది. కూర్పు సాగుతున్నంతసేపు ఆడాసిటీ తనంతట తాను వాడే 32 బిట్ల ఫ్లోట్ అమరికను అలాగే ఉండనివ్వండి. చివరి వేవ్ ఫైలుకు 16 బిట్లు చాలు.

ఇక మోనో, స్టీరియో. ఒక మనిషి మాటకు రెండు చానెళ్ళు అక్కరలేదు. ఒకే గొంతును రెండు చానెళ్ళలో రాస్తే వేవ్ ఫైలు పరిమాణం రెట్టింపు అవుతుంది, వినేవారికి కొత్తగా ఏమీ అందదు. బృందం పాడుతున్నప్పుడు ఎడమన ఒకరు, కుడిన ఒకరు ఉన్నట్లు వినిపించడం ముఖ్యమైతే స్టీరియో అవసరమే. కానీ అందుకు రికార్డింగే నిజమైన స్టీరియోలో జరిగి ఉండాలి. మన విద్యార్థిని ఫోను ఒకే చానెల్‌లో తీసింది. వ్యాఖ్యానం మోనో. స్టీరియోలో ఉన్నది అమ్మమ్మ సంభాషణ ఒక్కటే, ఒక్క మనిషి మాటకు దాని అవసరం లేదు. కనుక వినడానికి పంచే ఫైలును మోనోగా తీయడమే ఉచితం.

6.5 నష్టంలేని ఫార్మాట్, నష్టంతో కుదించే ఫార్మాట్

ఈ పాఠంలో అన్నిటికంటే నిదానంగా చదవవలసిన భాగం ఇది.

వేవ్ ఫైలులో కొలతలన్నీ కుదింపు లేకుండా ఉంటాయి. ఫ్లాక్ వాటినే జిప్ ఫైలు తరహాలో మడతపెట్టి, తెరిచినప్పుడు ఒక్క అంకె కూడా మారకుండా తిరిగి ఇస్తుంది. పరిమాణం సాధారణంగా సగానికి అటూ ఇటూగా తగ్గుతుంది. ఎంపీ3, ఏఏసీ, ఓపస్ పనిచేసే తీరు వేరు. ఇవి మన చెవి గమనించదని అంచనా వేసిన ధ్వనిని శాశ్వతంగా వదిలేస్తాయి.

ఆ అంచనాకు ఆధారం ఉంది. ఒక బలమైన ధ్వని మోగుతున్నప్పుడు దానికి దగ్గరి పౌనఃపున్యంలో ఉన్న మెల్లని ధ్వని మనకు వినపడదు. బృందమంతా పల్లవి అందుకున్న క్షణంలో పక్కనున్నామె గొణుగుడు ఎవరికీ వినిపించదు గదా! జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు ప్రధాన పాత్ర వహించి రూపొందించిన ఎంపీ3, 1993లో ప్రమాణంగా ప్రచురితమైంది. అది ధ్వనిని 1,152 శాంపుళ్ళ చిన్న చిన్న ముక్కలుగా తీసుకుంటుంది. 44,100 రేటులో ఒక్కో ముక్క సుమారు 26 మిల్లీసెకన్లు. ప్రతి ముక్కలో ఏది దాగి ఉంటుందో లెక్కగట్టి, దానికి తక్కువ బిట్లు కేటాయిస్తుంది లేదా పూర్తిగా వదిలేస్తుంది. బిట్లు పుష్కలంగా ఉన్నప్పుడు ఈ లెక్క చాలా బాగా కుదురుతుంది. బిట్లు తక్కువైనకొద్దీ వినిపించేవాటిని కూడా వదలక తప్పదు. అప్పుడు 'స', 'శ', 'ష'లు నీటిలోంచి వస్తున్నట్లు బుడబుడమంటాయి. గాజుల గలగల ఒకే ఇసుక రాపిడిగా మారుతుంది. చప్పట్లు, కోలాటం కర్రల దెబ్బ వంటి పదునైన ధ్వనులకు ముందే ఒక మసక చప్పుడు తోస్తుంది.

ఒక్కసారి కుదిస్తే పెద్దగా తెలియని ఈ నష్టం, మళ్ళీ మళ్ళీ కుదించినప్పుడు పేరుకుపోతుంది. జిరాక్సు కాగితానికి జిరాక్సు, దానికి మళ్ళీ జిరాక్సు తీసిన నోట్సు ఎలా ఉంటుందో మీకు తెలుసు. మన విద్యార్థిని పాటలు ఫోనులోనే ఒకసారి ఏఏసీగా కుదింపుకు లోనయ్యాయి. వాటిని కలిపి ఎంపీ3గా తీస్తే రెండవ కుదింపు. ఆ ఎంపీ3ను మళ్ళీ తెరిచి, రెండు వాక్యాలు తీసేసి, ఇంకోసారి ఎంపీ3గా తీస్తే మూడవది. మేనమామ మాట ఇప్పటికే పలుచన. మూడుసార్లు నలిగితే అందులో అక్షరాలు విడిగా పోల్చుకోవడం కష్టమవుతుంది.

ఏఏసీ పాటను వేవ్‌గా మార్చితే పోయినది తిరిగి రాదు, అయినా ఇంకొంచెం పోదు. కనుక పని వరుస ఇలా ఉండాలి. అసలు క్లిప్పులనే సాఫ్ట్‌వేరులోకి తెచ్చుకొని కూర్పు చేయండి. మొదటి ఎక్స్‌పోర్ట్ వేవ్ లేదా ఫ్లాక్. దీన్ని మూలప్రతి అందాం. పంచడానికి కావలసిన ఎంపీ3 ఈ మూలప్రతి నుంచి, లేదా తెరిచి ఉన్న ప్రాజెక్టు నుంచి వస్తుంది. మార్పు అవసరమైతే ఎంపీ3ను ముట్టుకోకుండా ప్రాజెక్టుకే తిరిగి వెళ్ళాలి. మూలప్రతిని, అసలు క్లిప్పులను రెండు వేరు వేరు చోట్ల ఉంచండి. ఒకటి కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవులో ఉన్నా మేలే.

వేవ్ ఫైలుకు ఒక పరిమితి ఉంది. తన పొడవును 32 బిట్ల అంకెగా రాసుకుంటుంది కనుక మామూలు వేవ్ 4 గిగాబైట్లు దాటలేదు. సీడీ నాణ్యత స్టీరియోలో అది సుమారు 6 గంటల 45 నిమిషాలు. రాత్రంతా సాగిన యక్షగానాన్ని ఒకే ఫైలుగా తీయాలనుకునేవారికి తప్ప ఇది అడ్డురాదు. వారు ఫ్లాక్ వాడుకోవచ్చు.

6.6 బిట్ రేటు: చేతి లెక్క

కుదించిన ఫైలులో సెకనుకు ఎన్ని కిలోబిట్లు ఖర్చు చేస్తామో అది బిట్ రేటు. లెక్క తేలిక. కిలోబిట్లను సెకన్లతో గుణించి 8తో భాగిస్తే పరిమాణం కిలోబైట్లలో వస్తుంది. 20 నిమిషాలంటే 1,200 సెకన్లు. 64 కిలోబిట్ల వద్ద 9,600 కిలోబైట్లు, అంటే సుమారు 9.6 మెగాబైట్లు. 128 వద్ద 19.2. కుదించని వేవ్ 48,000, 16 బిట్లు, మోనోలో 115.2 మెగాబైట్లు.

దీన్ని తిరగేసి కూడా వాడవచ్చు. ప్రాజెక్టు 10 మెగాబైట్లు మించకూడదని నియమం ఉందనుకోండి. 10,000ను 8తో గుణించి 1,200తో భాగిస్తే 66.7 వస్తుంది. దానికి దిగువన ఎంపీ3 అనుమతించే మెట్టు 64. స్టీరియోగా ఉంచితే ఆ 64 కిలోబిట్లనే రెండు చానెళ్ళు పంచుకోవాలి, పాట నలిగిపోతుంది. మోనోలో మొత్తం ఒకే గొంతుకు దక్కుతుంది. చానెళ్ళ సంగతి ముందే తేల్చుకోమన్నది ఇందుకే.

మాటలకు మోనోలో 64 బాగానే ఉంటుంది. బృందగానం ఎక్కువగా ఉంటే మోనోకు 96, స్టీరియోకు 160 లేదా 192 పెట్టమని నా సలహా. 320 పెడితే తప్పేమీ లేదు, కాని కుదించిన మూలాలకు అది దండగ. ఒకే బిట్ రేటుతో ఓపస్, ఏఏసీలు ఎంపీ3 కంటే బాగా వినిపిస్తాయి. మాటలైతే ఓపస్ 32 కిలోబిట్లకే స్పష్టంగా ఇస్తుంది. అయినా ఈ ఉదాహరణకు నేను ఎంపీ3నే ఎంచుకుంటాను. పాడిన ఆడవాళ్ళు తమ పాటను వినవలసింది మెమరీ కార్డు వేసిన బటన్ల ఫోనులోనో, పెన్‌డ్రైవు పెట్టే స్పీకరు పెట్టెలోనో. అక్కడ ఓపస్ ఫైలు కనిపించకపోవచ్చు, ఎంపీ3 పాడుతుంది. అదే కారణంగా మారే బిట్ రేటు కంటే స్థిర బిట్ రేటు ఎంచుకోండి. మారే బిట్ రేటు పొదుపైనదే కాని, కొన్ని పాత ప్లేయర్లు దాని నిడివిని తప్పుగా చూపుతాయి.

సందేహం ఉంటే పాటా మాటా రెండూ ఉన్న 30 సెకన్ల భాగాన్ని గుర్తించి, ఆ భాగాన్ని మాత్రమే 48, 64, 96 కిలోబిట్లలో మూడు ఫైళ్ళుగా తీయండి. వినేవారి ఫోనులోనే విని చూడండి. తేడా తెలియకుండా పోయిన చోట ఆగవచ్చు.

రేడియోకు ఇచ్చే ప్రతి వేరు. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో మొదలైన సంగం రేడియో వంటి సముదాయ కేంద్రాలు తమ సొంత కూర్పులో మీ ఫైలును మళ్ళీ వాడుకోవలసి ఉంటుంది. ఎఫ్.ఎం. ప్రసారం 15,000 హెర్ట్జ్ వరకే ధ్వనిని మోస్తుంది కదా అని ముందే కుదించి ఇవ్వడం సరికాదు. మూలప్రతినే ఇవ్వండి, ఫార్మాట్ విషయం వారినే అడగండి.

6.7 కలిపేటప్పుడు తలెత్తే చిక్కులు

ఆడాసిటీలోకి నాలుగు ఫైళ్ళు తెస్తే అవి ఒకదాని కింద ఒకటి వేరు వేరు ట్రాకులుగా, అన్నీ సున్నా సెకను దగ్గరే మొదలవుతాయి. అలాగే ఎక్స్‌పోర్ట్ చేస్తే పాట, అమ్మమ్మ, మేనమామ, వ్యాఖ్యానం అందరూ ఒకేసారి మాట్లాడతారు. కొత్తవారికి ఇది దాదాపు తప్పని అనుభవం. 'ట్రాక్స్' కింద 'అలైన్ ట్రాక్స్', అందులో 'అలైన్ ఎండ్ టు ఎండ్' ఎంచుకుంటే ఒకటి ముగిసిన చోట మరొకటి మొదలవుతుంది.

వ్యాఖ్యానం వెనుక పాట మెల్లగా వినిపించేలా కావాలనే ఒకదానిపై ఒకటి ఉంచినప్పుడు మరో సమస్య ఉంది. రెండు ధ్వనుల అంకెలు కూడుతాయి. మొత్తం 0 డెసిబెల్ గీతను దాటితే 16 బిట్ల ఫైలులో ఆ శిఖరాలు నరికేసినట్లు చదునైపోతాయి, వినడానికి గరగరలాడతాయి. కుదింపు తరువాత శిఖరాలు మరికొంచెం పెరిగే వీలుంది కనుక పైన కనీసం 1 డెసిబెల్ జాగా వదలండి.

శిఖరాలు సమానమైనంత మాత్రాన రెండు క్లిప్పులు ఒకే బిగ్గరగా వినిపించవు. ఒక చప్పట్ల దెబ్బ శిఖరాన్ని పెంచుతుంది, పాట మొత్తం మెల్లగానే ఉంటుంది. అందుకని సగటు వినికిడి బిగ్గరతనాన్ని లఫ్స్ అనే కొలతతో చూస్తారు. ఐరోపా ప్రసార సంస్థలు 2010 నుంచి మైనస్ 23 లఫ్స్ పాటిస్తున్నాయి. ఫోను స్పీకరుకు అది మెల్లనిదే. పాడ్‌కాస్టులు మైనస్ 16 దరిదాపుల్లో ఉంచుతారు. అమ్మమ్మ మాటను పాట స్థాయికి లాగితే వెనుకనున్న ఫ్యాను హోరు కూడా పైకి వస్తుంది. అటువంటప్పుడు అంకెను కాదు, చెవిని నమ్మి కొంచెం తక్కువలోనే వదిలేయండి.

అన్ని క్లిప్పులూ ఒకే కోడెక్, ఒకే రేటు, ఒకే చానెళ్ళలో ఉంటే వాటిని తిరిగి కుదించకుండా నేరుగా అతికించే పనిముట్లు ఉన్నాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అటువంటిది. ఒకే ఫోనుతో వరుసగా తీసిన క్లిప్పులకు ఇది చక్కని మార్గం, నాణ్యత ఏమాత్రం తగ్గదు. ఎంపీ3లను ఇలా అతికిస్తే, కుదించేటప్పుడు ప్రతి ఫైలు మొదట, చివర చేరిన క్షణకాలపు నిశ్శబ్దం అతుకు దగ్గర నిలిచిపోతుంది. మాటల మధ్య అది తెలియదు. తాళం తెగకుండా సాగవలసిన పాట మధ్య పడితే కాలు తడబడినట్లు ఉంటుంది.

ఎక్స్‌పోర్ట్ సమయంలో వచ్చే వివరాల పట్టికలో పాట పేరు, ఊరు, తేదీ, పాడినవారు ఒప్పుకుంటే వారి పేర్లు రాయండి.

6.8 అభ్యాసం

35 నిమిషాల మోనో కార్యక్రమాన్ని 25 మెగాబైట్లలోపు ఎంపీ3గా ఇవ్వాలి. ఏ బిట్ రేటు ఎంచుకుంటారు? లెక్క వేశాకే కింది వాక్యం చదవండి.

25,000ను 8తో గుణించి 2,100తో భాగిస్తే సుమారు 95.2. ఎంపీ3 మెట్లలో 96 పెడితే ఫైలు 25.2 మెగాబైట్లై గీత దాటుతుంది. దాని కింది మెట్టు 80, అప్పుడు 21 మెగాబైట్లు. 96 తప్పనిసరి అనిపిస్తే కార్యక్రమం నుంచి ఒక అర నిమిషం వ్యాఖ్యానం తగ్గించినా సరిపోతుంది.